రేపు ఒంటిగంటకి, ఇద్దరికి

ఉండి నుంచి రాజుగారొస్తున్నారు.
రొయ్యలు ఎగుమతి చేసే మనిషి,
మాకు ఏడాదికి నలభై వేల థర్మాకోల్ పెట్టెల మనిషి.
పెట్టెకి తొమ్మిది రూపాయలు పెంచమని అడగాలి.
ఆ మాటకి ముందు అన్నం పెట్టాలి.

"గోదావరి వాళ్ళకి భోజనమా!" అంది మెహరున్నీసా,
ఆటోనగర్ షెడ్డులో అచ్చులు తుడుస్తూ,
"చేపని ఈతకి తీసుకెళ్తున్నావు, జాగ్రత్త."

అందుకే ముందురోజు
స్కూటీ మీద ఊరంతా తిరిగాను,
పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు
ఒక్కో హోటల్లో మంచినీళ్ళు మాత్రం తాగి.

బీచ్ రోడ్డులో ఆరో అంతస్తు.
గోడంతా అద్దం, అద్దమంతా సముద్రం.
అందమే. కానీ లంగరేసి వరసలో నిలబడ్డ ఓడల్ని చూస్తూ
ఆయన తన కంటైనర్ మీద బెంగపెట్టుకుంటాడు,
నా తొమ్మిది రూపాయలు అలల్లో కలుస్తాయి.
అన్ని నీళ్ళ ముందు కూర్చుని
ధర గురించి ఎలా మాట్లాడతారు ఎవరైనా?

సిరిపురంలో దీపాలు మరీ తక్కువ.
పళ్ళెం చెరువంత, కూర బొట్టంత.
మెనూ చదవడానికి
ఫోను లైటు వేసుకున్నాడు పక్క బల్ల పెద్దాయన.
"మంచినీళ్ళు" అనడానికి కూడా
నేను గుసగుసలాడాను.
ఆ గొంతుతో రేటు పెంచమని అడగలేం.

జగదాంబ దగ్గర బిర్యానీ చోటు.
వాసన మెట్లు దిగి వచ్చి
రోడ్డు మీద మనుషుల్ని చొక్కా పట్టుకు లాగుతోంది.
కానీ తింటున్నవాడి కుర్చీ వెనకే
తినబోయేవాడు నిలబడతాడు, ముద్దలు లెక్కపెడుతూ.
పైగా రొయ్యలమ్మేవాడికి రొయ్యల వేపుడు వడ్డిస్తే
తోక పట్టుకుని కౌంటెంతో చెబుతాడు తప్ప
తింటాడా?

నాలుగోది డాబాగార్డెన్స్ సందులో.
పేరున్నదేం కాదు. స్టీలు గ్లాసులు.
తవిటినాయుడని ఒకతను, ముప్ఫై ఏళ్ళ సర్వీసు,
నా బ్యాగూ నా చూపూ చూసి కనిపెట్టేశాడు:
"బేరం భోజనమా అమ్మా?
ఆ మూల బల్ల ఒద్దు. ఏసీ నెత్తి మీదే ఊదుతాది,
పెద్దోళ్ళు పెరుగు దాకా ఆగరు.
ఇక్కడ కూకోండి. గోడ మీ ఎనకాతల ఉంటాది,
ఆయనకి మీరు తప్ప ఇంకేటీ కనబడదు."

పదకొండేళ్ళుగా నేను
కిటికీకి వీపు పెట్టి కూర్చుంటున్నాను.

బిల్లు సంగతీ చెప్పాను.
ఎప్పుడూ మగవాడి ముందే వాలే ఆ నల్ల అట్ట
ఈసారి నా వైపు రావాలని.
"అసలు బల్ల దాకానే రాదమ్మా" అన్నాడు.

రాజుగారొచ్చారు.
పప్పులో నెయ్యి ఎంత దూరం పాకిందో చూశారు.
కోనాం పులుసు కలుపుకుని,
"మాది చెరువు నాలిక. అయినా ముల్లు మర్యాదగా ఉంది" అన్నారు.
నేను నోరు తెరిచినప్పుడల్లా వడ్డన.
చారు దగ్గర ఒకసారి, పెరుగు దగ్గర ఒకసారి
తొమ్మిది నాలిక చివరిదాకా వచ్చి
అన్నంతో పాటు లోపలికెళ్ళిపోయింది.

చేతులు కడుక్కోవడానికి లేచాం.
నేను ముందే చూసిపెట్టుకోనిది అదొక్కటే.
చెయ్యి చూపిస్తే నీళ్ళొచ్చే కొత్తరకం కొళాయి.
ఆయన చూపించారు, రాలేదు.
నేను చూపించాను, రాలేదు.
ఇద్దరం ఎంగిలి చేతులు గాల్లో ఊపుతూ
ఎవరినో రైలెక్కిస్తున్నట్టు
అద్దంలో కనబడ్డాం.
ఆయనే ముందు నవ్వారు.

"ఎంత పెంచుదామనుకున్నావమ్మా?"
"తొమ్మిది."
"ఏడు చేసుకో."
అప్పుడు వదిలింది కొళాయి,
మోచేతుల దాకా తడిపేస్తూ.

సాయంత్రం మెహరున్నీసా అన్నీ అడిగింది.
గోడ గురించి చెప్పాను, ఏసీ గురించి, పులుసు గురించి.
"మరి ఆ రెండు రూపాయలూ ఎటుపోయాయి?"

నీళ్ళలో, అన్నాను.